భాషయు కంప్యూటరును: రెంటిని కలిపిన పట్టపు చదువు

ఉన్నత పాఠశాల చదువు ముగించి పై చదువులకు పోబోవు విద్యార్థులను, వారి తలిదండ్రులను ఏటేట ఒక ప్రశ్న బాధించుచుండును: గణితమా, భాషయా? గణితమున చురుకైనవాడు ఎం.పి.సి.లో చేరి ఇంజనీరు కావలెననియు, భాషయం దభిరుచి గలవాడు ఆర్ట్సు చదువవలెననియు మనలో ఒక యభిప్రాయము నాటుకొనిపోయినది. ఇంటర్మీడియెట్టున ద్వితీయ భాషగా తెలుగును విడిచి, మార్కులు సులభముగ వచ్చునని సంస్కృతమును తీసికొనుట పలువురకు వాడుక యైనది. పరీక్ష ముగియగనే ఆ సంస్కృతమును గూడ మఱచువారే పెక్కురు. ఇట్లు పదునాఱేండ్ల ప్రాయముననే అనేకులు భాషాధ్యయనమునకు స్వస్తి చెప్పుచున్నారు. అయితే లెక్కలును భాషయు సమానముగ ప్రియమైన బిడ్డలు కొందఱు గలరు. అట్టివారికై ఉభయమును కలిపి నేర్పు పట్టపు చదువులు నేడు గలవు. అవి యెట్టివో, వానిని ఎంచుకొను విధమేదో ఇచ్చట వివరింప నుద్దేశించితిమి.

భాషకును కంప్యూటరునకును ఏమి పొత్తని కొంద ఱడుగుదురు. భాషను నియమములుగా విడదీసి చూచుట మన దేశమునకు క్రొత్త కాదు. పాణిని సంస్కృత భాషా స్వరూపమును సుమారు 4000 సూత్రములలో ఇమిడ్చెను. ఒక సూత్రము వెంట మఱియొక సూత్రము వర్తింపగా పదము సిద్ధించును. కంప్యూటరునకు మనము వ్రాసియిచ్చు ప్రోగ్రాము గూడ మెట్టు వెంట మెట్టుగా సాగు ఆజ్ఞల వరుసయే. ఈ పోలికను ఆధారముగ గొని వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ గారలు అక్షర భారతి యను బృందముతో కలిసి, పాణినీయ దృష్టితో భాషలను యంత్రముచేత విశ్లేషించు విధమును గూర్చి 1995లో ఒక గ్రంథము ప్రకటించిరి.

పాశ్చాత్య దేశములలో ఈ కృషి అంతకు ముందే ఆరంభమైనది. 1954లో అమెరికాయందు జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయమువారును ఐ.బి.ఎం. కంపెనీవారును కలిసి, 250 మాటలతోను 6 నియమములతోను అఱువదికి పైగా రష్యను వాక్యములను కంప్యూటరుచేత ఆంగ్లములోనికి మార్చి చూపిరి. ఇంక కొలది యేండ్లలో అనువాద సమస్య తీరిపోవునని అప్పుడు పలువురు తలంచిరి. కాని 1966లో అచ్చటి ప్రభుత్వమునకు ఒక సంఘమువారు సమర్పించిన నివేదిక ఆ యాశను చల్లార్చెను. భాష యనునది కొలది మాటలతోను కొలది నియమములతోను ముగియునది కాదని తేలినది.

మన తెలుగునే చూడుడు. ‘స్త్రీ’ యనునది కంటికి ఒక్క యక్షరము. కంప్యూటరులో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము అను ఆఱు సంకేతముల వరుస. లోకమందలి లిపులకు సంఖ్యలు కేటాయించిన యూనికోడు పద్ధతిలో తెలుగునకు 128 స్థానములు ఏర్పఱుపబడినవి. ఈ కూర్పు నెఱుగనివాడు అక్షరములు లెక్కించు ప్రోగ్రాము వ్రాసినచో, అది ‘స్త్రీ’ యను మాటకు ఆఱక్షరములని చెప్పును.

మాటలను విడదీయుటయందు మఱియొక చిక్కు గలదు. ‘చదివింపలేకపోయినవారికి’ అనునది మనకు ఒక్కటే మాట. అందు ‘చదువు’ అను ధాతువు, ఒకరిచేత చేయించుట, చేయజాలకపోవుట, అట్టి మనుష్యులు, ‘కి’ యను విభక్తి యన్నియు గూడియున్నవి. ఇట్టి రూపములు ఒక్కొక్క ధాతువునకు లెక్కకు మిక్కిలిగా పుట్టును. వానినన్నిటిని నిఘంటువున కెక్కింపజాలము గాన, మాటను విఱిచి చూచు ఉపాయమును యంత్రమునకు నేర్పవలెను.

అర్థము సంగతి ఇంకను కఠినము. ‘పాలు’ అనగా త్రాగెడి పాలా, ఆస్తిలో రావలసిన పాలా? వాడుకలో ‘వచ్చింది’ అన్నప్పుడు వచ్చినది అమ్మాయియా, ఆవా? మన క్రియ రెంటికిని ఒక్కటే. ఆంగ్లమునందు సర్వనామము వేఱువేఱుగ నుండును. వెనుకటి వాక్యమును చూడనిదే యంత్రము సరియైనదానిని ఎన్నుకొనలేదు. అట్లే ఆంగ్లమునందలి ‘యూ’ అను నొక్క మాటకు మనకు ‘నీవు’, ‘మీరు’ అని రెండున్నవి. తాతగారికి ఆంగ్లమున వ్రాసిన జాబును యంత్రము తెనిగించి ఆయనను ‘నీవు’ అని సంబోధించినచో, వ్యాకరణము చెడదు గాని మర్యాద చెడును. ఆ తప్పును తప్పని గుర్తించుటకు తెలుగు తెలియవలెను. దానిని యంత్రములో సరిదిద్దుటకు గణితమును ప్రోగ్రాము వ్రాతయు తెలియవలెను. ఈ రెండును ఒక్కరియందే యుండుట యెంత ప్రయోజనకరమో దీనివలన గ్రహింపవచ్చును.

ఈ విద్యను కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్ అందురు. దీనిని చదువువారు ఒక ప్రక్క ప్రోగ్రాములు వ్రాయుట, సంభావ్యత, మాత్రికలు మొదలగువానిని నేర్తురు; మఱియొక ప్రక్క ధ్వనులు, పదనిర్మాణము, వాక్యనిర్మాణము, అర్థవిచారము నేర్తురు. ఇచ్చట తలిదండ్రులు ఒక భేదమును గమనింపవలెను. ఒక భాషను మాటలాడ నేర్చుట వేఱు, దాని సాహిత్యమును చదువుట వేఱు, భాష పనిచేయు రీతిని పరిశీలించు భాషాశాస్త్రము వేఱు. కళాశాల ప్రకటనలో ‘భాష’ యని యున్నంతమాత్రమున ఈ మూటిలో దేనిని నేర్పుదురో తెలియదు.

మనకు సమీపమున, 1998లో స్థాపింపబడిన హైదరాబాదు ఐ.ఐ.ఐ.టి.యందు, కంప్యూటరు సైన్సులో బి.టెక్. పట్టమును, కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్‌లో పరిశోధనతో గూడిన ఎం.ఎస్. పట్టమును కలిసి యొసగు ఐదేండ్ల చదువు గలదు. పైని పేర్కొనిన రాజీవ్ సంగల్ గారు ఈ సంస్థకు సంచాలకులుగ నుండిరి. హైదరాబాదు విశ్వవిద్యాలయమునందు అనువర్తిత భాషాశాస్త్రమునకును అనువాద విద్యకును ప్రత్యేక కేంద్రమున్నది. పట్టము పొందిన పిమ్మట ఎం.ఏ. చదువగోరువారు దానిని దృష్టియం దుంచుకొనవచ్చును. విదేశములలో, డబ్లిను నగరమందలి ట్రినిటీ కళాశాలవారు కంప్యూటరు సైన్సు, భాషాశాస్త్రము, ఒక భాష, ఈ మూటిని ఒకే పట్టమున చేర్చిరి.

అమెరికాయందలి స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ చరిత్ర మనకు ఒక పాఠము నేర్పును. 2014లో అచ్చటివారు కంప్యూటరు సైన్సును ఆంగ్ల సాహిత్యము మొదలగు విద్యలతో జతపఱచిన పట్టములను ప్రయోగముగ నెలకొల్పి, కొలది యేండ్లకే విరమించుకొనిరి. కాని కంప్యూటరు సైన్సు, భాషాశాస్త్రము, తత్త్వశాస్త్రము, మనస్తత్త్వశాస్త్రము కలిపి 1986లో ఆరంభించిన సింబాలిక్ సిస్టమ్స్ అను చదువు నేటికిని నడుచుచున్నది. రెండు విద్యలను ప్రక్కప్రక్కన నిలుపుట చాలదనియు, ఆ రెంటిని కలుపు ప్రశ్న యొకటి యుండవలెననియు మా యభిప్రాయము.

కావున ఇట్టి చదువును ఎంచుకొనువారు నాలుగు సంగతులు విచారింపవలెను. మొదటిది, పట్టపు పేరును గాక, ఏ సంవత్సరమున ఏ పాఠ్యాంశములు బోధింతురో పట్టిక తెప్పించి చదువవలెను. రెండవది, భాషయు కంప్యూటరును కలిసి పనిచేయు ప్రాజెక్టుగాని సిద్ధాంత వ్యాసముగాని యున్నదా యని చూడవలెను. అట్టిది లేనిచో విద్యార్థి రెండు బరువులు మోయును గాని రెంటిని కలుపజాలడు. మూడవది, గణితము నిష్టముగ చదువగలమా యని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ‘భాష గలదు గనుక లెక్కలు తక్కువగ నుండు’నని చేరువాడు మొదటి సంవత్సరముననే నిరాశ చెందును. నాల్గవది, ఎన్నియేండ్లు పట్టును, రుసుము ఎంత, విద్యార్థి వేతనము లేమైన గలవా యని ముందుగనే తెలిసికొనవలెను. ప్రవేశ నియమములు మాఱుచుండును గాన, ఆయా సంస్థలవారి ప్రకటననే ప్రమాణముగ గొనవలెను.

కోరిన సీటు దొరకనివారు దిగులుపడ పనిలేదు. సాధారణ బి.టెక్. చదువుచు భాషాశాస్త్ర గ్రంథములు చదువుకొనవచ్చును. కొన్ని డిగ్రీ కళాశాలలలో బి.ఏ.యందే కంప్యూటర్ అప్లికేషన్స్ నేర్పుదురు. దానిని ముగించి భాషాశాస్త్రమున ఎం.ఏ. చేయవచ్చును. దారి కొంచెము చుట్టు గాని గమ్య మదియే.

‘దీనివలన ఉద్యోగము దొరకునా?’ యని తలిదండ్రు లడుగుట న్యాయమే. ఏ పట్టమును జీతమునకు పూచీ కాదు. అయితే కంప్యూటరు సైన్సు పునాది బలముగ నున్న చదువులో, భాష అదనపు బలమగును గాని లోపము కాదు. ‘యంత్రమే తర్జుమా చేయుచుండగా భాష యెందు’కని మఱికొంద ఱందురు. గూగుల్ అనువాద సాధనమున 2011లో తెలుగు చేరినది. 2022లో చాట్‌జీపీటీ వచ్చిన పిదప యంత్రము వ్యాసములు సైతము వ్రాయుచున్నది. కాని అది వ్రాసినది మంచి తెలుగో కాదో నిర్ణయించువా రెవరు? 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. వీరిలో ఒక రైతు పైరు తెగులును గూర్చియో, ఒక తల్లి బిడ్డకు పోయవలసిన మందును గూర్చియో యంత్రము నడుగు కాలము వచ్చినది. ప్రత్యుత్తరములో ఒక్క మాట తప్పినచో నష్టము వారిదే. తెలుగు ఎఱుగనివారే ఆ యంత్రములను నిర్మించినచో, ఆ తప్పు తెలియకయే పోవును. మన బిడ్డలు ఈ పనికి పూనుకొనవలెననుటకు ఇంతకంటె బలవత్తరమైన హేతువు లేదు.

విద్యార్థులారా, పట్టము సంగతి యటుంచి, ఈ పాఠశాలలోనే మీరు చేయదగిన పని గలదు. వ్యాకరణ తరగతిలో సంధి విడదీయునప్పుడు, దానిని కంఠస్థము చేసి ఊరకుండక, ఆ నియమమును ఏమియు తెలియని యంత్రమునకు ఎట్లు చెప్పవలెనో కాగితముపై మెట్లుగా వ్రాసి చూడుడు. ఎచ్చట నియమము తప్పునో అప్పుడు మీకే కనబడును. తెలుగు అక్షరములు టైపు చేయుట నేర్చుకొనుడు. 2003 నుండి నడుచుచున్న తెలుగు వికీపీడియాలో ఎవరైనను వ్రాయవచ్చును. మీ యూరి చెఱువును గూర్చి, ప్రమాణముగల ఆధారములు చూచుకొని, ఒక పేరా వ్రాయుడు.

తలిదండ్రులారా, బిడ్డకు లెక్కలందు మంచి మార్కులు వచ్చినవని తెలుగు పుస్తకమును అటకెక్కింపకుడు. రెండు తలాంతులు గల బిడ్డకు ఒకదానిని పాతిపెట్టుమని చెప్పుట మన పని కాదు. రెంటిని వినియోగించు త్రోవ యున్నదని చూపుట మన పని. రాబోవు సంవత్సరములలో మన పాఠశాల బిడ్డలు కొందఱైన ఆ త్రోవ పట్టి, తల్లిభాషకును తోడివారికిని మేలు చేయుదురు గాక!