మొలక శాతం హద్దు దాటిన వేళ: ఆబ్జెక్ట్ డేటాబేస్‌లో స్థితి మార్పు ఈవెంట్లు

జన్యు బ్యాంకులో మైనస్ 18 డిగ్రీల వద్ద భద్రపరచిన విత్తనం చనిపోతున్నా పైకి తెలియదు. మొలక పరీక్షే దాని స్థితిని వెల్లడిస్తుంది. మొలక శాతం తొలి విలువలో 85 శాతం కంటే తగ్గితే నమూనాను పునరుత్పత్తి చేయాలని ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో ప్రచురించిన ప్రమాణాలు సూచిస్తున్నాయి. వేల నమూనాలున్న చోట ఈ నిఘాను సిబ్బంది జ్ఞాపకశక్తికి వదలడం క్షేమం కాదు.

ఆబ్జెక్ట్ డేటాబేస్‌లో ప్రతి నమూనా తన గుణాలతో, పరీక్షల చరిత్రతో ఒక ఆబ్జెక్టుగా నిలుస్తుంది. ‘మొలక శాతం నమోదైతే’ అని ఈవెంటును నిర్వచించడం తరచుగా జరిగే పొరపాటు. విలువ మారడం వేరు, స్థితి మారడం వేరు. తొలి మొలక 96 శాతమైన నమూనాకు హద్దు 81.6. తరువాతి పరీక్షలో 84 వస్తే ఈవెంట్ లేదు. 79 వస్తే ఉంది. ఆపై 77 వచ్చినా మళ్లీ ఉండరాదు, ఎందుకంటే నమూనా అప్పటికే ‘పునరుత్పత్తి అవసరం’ అనే స్థితిలో ఉంది. కనుక పాత స్థితి, కొత్త స్థితి రెండూ నిర్వచనంలో చేరాలి.

ఎప్పుడు స్పందించాలన్నది ఇంతకన్నా క్లిష్టమైన ప్రశ్న. 1980లలో హైపాక్ పరిశోధన ‘ఈవెంట్, షరతు, చర్య’ అనే నియమ రూపాన్ని ప్రతిపాదిస్తూ, చర్యను వెంటనే జరపడం, ట్రాన్సాక్షన్ చివరి వరకు ఆపడం, వేరే ట్రాన్సాక్షన్‌లో నడపడం అనే పద్ధతులను విడదీసింది. వందకు మించిన మొలక శాతాన్ని అక్కడికక్కడే తిరస్కరించాలి. పొలం విభాగానికి వెళ్లే ఆదేశం మాత్రం కమిట్ అయ్యేదాకా ఆగాలి. 88కి బదులు 38 అని కొట్టి, కమిట్‌కు ముందే దిద్దుకున్నా, అప్పటికే ముద్రితమైన ఆదేశాన్ని ఏ రోల్‌బ్యాక్ వెనక్కి తేలేదు.

అనవసరపు పునరుత్పత్తి ఖర్చుతో పోయేది కాదు. కంది వంటి, పరపరాగ సంపర్కం కొంత జరిగే పంటల్లో ప్రతి సాగుకూ కల్తీ ప్రమాదం ఉంటుంది. తక్కువ మొక్కలు పెంచితే అరుదైన జన్యువులు జారిపోతాయి. అందుకే కొత్త విత్తనాన్ని పాత ఆబ్జెక్టుపై రాయక, పాతదానిని సూచించే వేరొక ఆబ్జెక్టుగా నిలపాలి.

ఇక మిగిలింది, కమిట్ తరువాత సర్వర్ ఆగిపోతే ఆదేశం ఏమవుతుందన్నది. స్థితి మార్పును నమోదు చేసే ట్రాన్సాక్షన్‌లోనే ‘పంపవలసిన ఆదేశం’ అనే ఆబ్జెక్టును కూడా భద్రపరిస్తే, సర్వర్ తిరిగి లేచాక అది అక్కడే కనిపిస్తుంది. అదే ఆదేశం రెండుసార్లు వెళ్లినా పొలం విభాగం ఒక్కసారే స్వీకరించేలా దానికొక ప్రత్యేక సంఖ్య కేటాయించాలి.