కరెంటు చికిత్స పిమ్మట ప్రేగువాపు

బనగానపల్లె చుట్టుపట్ల గ్రామములలో "కరెంటు పెట్టించుకొని వచ్చితిమి" అనువారు చెప్పునది రేడియేషను చికిత్సను గూర్చియే. క్యాన్సరును కిరణములచే మాడ్చు ఈ చికిత్సకు కర్నూలు ప్రభుత్వాసుపత్రికో, హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ఆసుపత్రికో పోయి, ఐదాఱు వారములు పడిగాపులు పడి, వ్యాధి తగ్గెనను సంతోషముతో ఇల్లు చేరుదురు. మేము వ్రాయబూనినది ఆ సంతోషము పిమ్మట కానవచ్చు బాధను గూర్చి.

గర్భాశయ ముఖమునకు గాని, మగవారిలో ప్రోస్టేటు గ్రంథికి గాని ఈ చికిత్స జరిగినప్పుడు ప్రక్కనున్న ప్రేగులకును కిరణములు కొంత సోకక తప్పదు. రాంట్‌జెన్ ఎక్సు కిరణములను 1895లో కనుగొనగా, వానివలన ప్రేగులకు గలుగు హానిని వాల్ష్ అను వైద్యుడు 1897లోనే ప్రకటించెను. ప్రేగు లోపొర కొలది దినములకే క్రొత్తదగుచుండును గనుక, ఎండకు లేతనారు వాడినట్లు అదియే ముందు దెబ్బతినును. చికిత్స నడుచుచుండగనే నీళ్ల విరేచనములు, కడుపునొప్పి కలుగుట ఇందువలననే. చాలమందికి ఇది కొలది వారములలో సర్దుకొనును.

రెండవ విధము మోసకారి. ప్రేగుగోడలోని సన్నని రక్తనాళములు మెల్లమెల్లగా పూడుకొనిపోవును. వేరు చెడిన మామిడిచెట్టు కొంతకాలము పచ్చగనే యుండి పిమ్మట కొమ్మ యెండుట తోట గలవారెఱిగినదే. అట్లే నెలలు, ఏండ్లు గడచిన పిదప మలముతో ఎఱ్ఱని రక్తము, బంక పడును. దొడ్డికి ఆపుకొనలేక పరుగెత్తవలసివచ్చును. చిన్నప్రేగు చెడినచో తిన్నది వంటబట్టక మనిషి చిక్కిపోవును. దీనిని మొలలనియో జిగట విరేచనములనియో తలచి నాటుమందులకు పోవువారు పలువురు. ఆడువారైతే సిగ్గుచే నోరు మెదపక, ఒంట రక్తము తగ్గి చేనిలో కూలబడువఱకు దాచుదురు.

వైద్యునితో మొట్టమొదట చెప్పవలసినది "నాకు ఫలానా యేట కరెంటు పెట్టిరి" అను మాట. కిరణములు సోకిన పురీషనాళపు ముందుగోడనుండి పరీక్షకై ముక్క కత్తిరించినను, మొలలని కోసినను, ఆ గాయము మానక రంధ్రము పడవచ్చును. పాత చికిత్సచీటీలను పాసుపుస్తకముతోపాటు పెట్టెలో దాచుడు, అదియు ఆస్తియే.

రక్తమంతయు కిరణములవలననే యని తీర్మానించుటయు తగదు. పాత వ్యాధి తిరుగబెట్టెనో, క్రొత్తది పుట్టెనో కెమెరాగొట్టముతో చూచి తేల్చవలెను. స్వల్పముగా పడు రక్తము తానే తగ్గవచ్చును. లేనిచో సుక్రాల్ఫేటు మందును ఆసనద్వారమున ఎక్కించుట, రక్తము కాఱు చోటును ఆర్గాన్ వాయువు సాయమున మాడ్చుట మున్నగు ఉపాయములు కలవు. రక్తము గడ్డలుగా పడినను, కడుపుబ్బి వాంతులై మలబంధమైనను, స్త్రీలకు యోనిమార్గమున మలము కనబడినను, తెల్లవారనిమ్మని కూర్చుండక ఆ రాత్రియే ఆసుపత్రికి చేర్పవలెను.