ప్రయాణంలో రుచి: అంచనాకూ జ్ఞాపకానికీ మధ్య

రుచి అనేది నాలుక మీది గ్రాహకాలు పంపే సంకేతాలతోనే పూర్తయ్యేది కాదు. ముక్కుకు అందే వాసన, కంటికి కనిపించే రంగు, చెవిన పడే చప్పుడు, వీటన్నిటికంటే ముందే మనసులో సిద్ధమై ఉన్న అంచనా కలిసి దానికి రూపమిస్తాయి. హిల్కే ప్లాస్‌మన్ బృందం అమెరికాలో జరిపి 2008లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లదని, మరోసారి 90 డాలర్లదని చెప్పి ఇవ్వగా, తాగినవారు ఖరీదైనదనుకున్నదే బాగుందన్నారు. అది గొప్పకు చెప్పిన మాట కూడా కాదు; రుచిలోని హాయిని లెక్కగట్టే ఆర్బిటోఫ్రాంటల్ కార్టెక్స్ అనే భాగం, అంటే కనుగూళ్లకు పైన ఉండే మెదడు ముందుభాగం, అప్పుడు మరింత చురుగ్గా పనిచేసినట్లు స్కానింగులో తేలింది.

ప్రయాణికుడికి ఈ అంచనా మేలెంత చేస్తుందో కీడూ అంతే చేస్తుంది. తిన్నది అనుకున్నదానికి దగ్గరగా ఉంటే మెదడు ఆ కాస్త తేడానూ సర్దేసుకుంటుంది. దీన్ని సమీకరణ ప్రభావం అంటారు. తేడా మరీ ఎక్కువైతే మాత్రం అది ఉన్నదానికన్నా పెద్దదిగా తోస్తుంది. ఇది వైరుధ్య ప్రభావం. బ్రిటన్‌లో మార్టిన్ యోమన్స్ బృందం పొగబెట్టిన సాల్మన్ చేపతో చేసిన ఐస్‌క్రీమ్‌ను కొందరికి ఐస్‌క్రీమ్ అనే చెప్పి, మరికొందరికి గడ్డకట్టించిన ఉప్పటి వంటకమని చెప్పి పెట్టినప్పుడు, రెండో వర్గం దాన్ని ఫరవాలేదనుకోగా, తీపి కోసం సిద్ధపడ్డ మొదటి వర్గం ఏవగించుకోవడమే కాక ఉప్పు కూడా ఎక్కువైందని చెప్పింది. బెంగళూరు హోటల్లో ఇడ్లీతో వచ్చే సాంబారు తెలుగువారిలో చాలామందికి మొదటి చెంచాలోనే మింగుడుపడకపోవడం ఇటువంటిదే; చింతపండు పులుపుకూ మిరప కారానికీ సిద్ధమైన నోటికి బెల్లం తగలగానే, అందులో ఉన్నదానికంటే ఎక్కువ తీపి తోచడంలో వింత లేదు. వండినవారి చేతిని తప్పుపట్టే ముందు ఆలోచించదగ్గ సంగతి ఇది.

విమానంలో భోజనం చప్పగా ఉండటానికి మాత్రం అంచనా ఒక్కటే కారణం కాదు; తక్కువ పీడనమూ పొడిగాలీ వాసనను మందగింపజేస్తే, ఇంజన్ల హోరు తీపిని తగ్గించి, టమాటాలో ఉండే ఉమామి అనే రుచిని పెంచుతుంది.

తిన్న తర్వాత జ్ఞాపకం తన పని మొదలుపెడుతుంది. టెరెన్స్ మిచెల్, లీ థామ్సన్ తదితరులు 1997లో ప్రచురించిన అధ్యయనంలో యూరప్ యాత్రికులనూ సైకిల్ యాత్రికులనూ ముందూ మధ్యలో తర్వాతా ప్రశ్నించగా, యాత్ర గురించిన ఊహ, జ్ఞాపకం రెండూ జరుగుతున్నప్పటి అనుభవంకంటే తియ్యగా ఉన్నట్లు తేలింది; చిల్లర చికాకులు త్వరగా చెరిగిపోతాయి. వారి ప్రశ్నలు ప్రత్యేకించి భోజనం గురించినవి కావు. భోజనానికి సంబంధించి ఎమిలీ గార్బిన్‌స్కీ బృందం 2014లో చూపినదేమిటంటే, తిన్నది ఎంత బాగుందో గుర్తుచేసుకునేటప్పుడు మొదటి ముద్దకన్నా చివరి ముద్దే ముందుకొస్తుందని. అందుచేత మొహం మొత్తేదాకా తిన్నదాన్ని మళ్లీ తినాలనిపించడానికి ఎక్కువ కాలం పడుతుంది.

ఇలా దిద్దుకున్న జ్ఞాపకమే తర్వాతిసారికి అంచనాగా నిలుస్తుంది. ఆత్రేయపురంలో తిన్నంత బాగా అక్కడినుంచి తెచ్చుకున్న పూతరేకులు ఇంట్లో రుచించకపోవడానికి, గాలిలోని తేమకు రేకు మెత్తబడటం ఒక కారణమైతే, జ్ఞాపకంలో పెరిగిన రుచితో పోల్చి చూసుకోవడం మరొకటి. వీటిలో ఏది ఎంతో తేలాలంటే అదే పూతరేకును, ఊరి పేరు చెప్పకుండా, అక్కడికి ఎన్నడూ వెళ్లని వారికి పెట్టి చూడాలి.