చూసినంత మేరకే సాక్ష్యం

మాసం ఇరవై తొమ్మిదో నాటి సాయంత్రం, మగ్రిబ్ నమాజు ముగియగానే, మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మస్జిదుల డాబాలపై అందరి చూపులూ పడమటి దిక్కున నెలవంకను వెదుకుతాయి. “చూశాను” అన్న ఒక్క మాటపై పండుగ ఆధారపడి ఉంటుంది. కనుకనే, కంటపడనిదాన్ని చూశానని చెప్పరాదని మేము విద్యార్థులకు బోధిస్తాము.

నెలవంక అస్తమించాక ఆకాశం నల్లబడుతుంది. నవంబరు మాసంలో అటువంటి రాత్రి, కళింగపట్నం వంటి తీరాన దీపాల వెలుగు సోకని చోట నిలిచి ఈశాన్యం వైపు తల ఎత్తితే, పొగమరక వంటి చిన్న వెలుగు కనిపిస్తుంది. అదే దేవయాని గెలాక్సీ.

క్రీ.శ. 964లో అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ తన నక్షత్ర గ్రంథంలో దీనిని చిన్న మేఘంగా నమోదు చేశారు. అది ఏమిటో ఆయనకు తెలియదు. తెలిసినట్లు వ్రాయనూ లేదు. కన్ను చూసినంతే వ్రాశారు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదులో నెలకొల్పిన నిజామియా వేధశాలలో సైతం నక్షత్రాల స్థానాలను ఫోటో పలకలపై కొలిచి, కొలిచిన మేరకే నమోదు చేశారు.

ఆ మేఘం మన పాలపుంతకు వెలుపల ఉన్న మరో సర్పిలాకార గెలాక్సీ అని ఎడ్విన్ హబుల్ 1923లో అందులో గుర్తించిన ఒక చంచల నక్షత్రం ద్వారా తేలింది. అప్పుడు ఆయన కట్టిన దూరం సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాలు. చంచల నక్షత్రాలలో రెండు రకాలున్నాయని తరువాత తెలిసి లెక్క మారింది. నేటి అంచనా సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు. ఒక్క కాంతి సంవత్సరమే దాదాపు 9.5 లక్షల కోట్ల కిలోమీటర్లు.

ఏదైనా కొత్త విషయం వెలువడగానే అది మన గ్రంథంలో ముందే ఉన్నదని చెప్పే ఉత్సాహం నేడు కొన్ని ప్రసంగాల్లో వినిపిస్తుంది. వారి సంకల్పాన్ని మేము శంకించము. కానీ ఆనాటి 9 లక్షల లెక్కకు ఎవరైనా ఒక ఆయతును ముడిపెట్టి ఉంటే, లెక్క మారిననాడు వారి పిల్లలకు ఏమని సమాధానం చెప్పేవారు? దివ్యఖుర్ఆన్ మనలను ఆకాశాలను పరికించి ఆలోచించమన్నది; తెలియనిదాని వెంట పడవద్దనీ హెచ్చరించింది. ఈ రెండు ఆదేశాలూ కలిసే నడవాలి.

ఈసారి నెలవంక చూసిన పిదప వెంటనే ఇంటికి మరలకండి. పిల్లలకు ఆ మసక వెలుగును చూపి, ఏం కనిపించిందో అడగండి. “ఏమీ కనిపించలేదు” అన్నా మందలించకండి. సాక్ష్యపు మొదటి పాఠం అదే.