చిన్నతాతను కర్నూలు జిల్లాలో వెతకండి

దొనకొండ విమానాశ్రయం సుమారు 136 ఎకరాలు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విమానాలు దిగి ఇంధనం నింపుకునేందుకు బ్రిటిష్ వాళ్లు వేసిన రన్‌వే అది. 2014లో రాజధాని అక్కడికే వస్తుందన్న మాటలు మన వైపు అందరికీ గుర్తే. ఆ రన్‌వే ఏ యుద్ధం కోసం వేశారో, ఆ యుద్ధంలో ఎగిరి తిరిగి రానివాళ్ల గురించి మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడుకోరు.

గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు పటాలంలో చేరడం ఇవాళ్టి సంగతి కాదు. ఏ ఇంట్లోనైనా విమానదళం టోపీ పెట్టుకున్న కుర్రవాడి పాత ఫొటో ఉండి, 'యుద్ధంలో విమానంతో పోయాడు' అన్న ఒక్క ముక్క మాత్రమే మిగిలి ఉంటే, ఈ లెక్కలు ఆ ఇంటి కోసం.

బ్రిటన్ బాంబర్ కమాండ్‌లో సుమారు 1,25,000 మంది విమానాల్లో ఎగిరారు. వాళ్లలో 55,573 మంది చనిపోయారు. అంటే 100 మందికి 44 మంది. ఇందులో 8,000 మందికి పైగా శత్రువు చేతిలో కాదు, శిక్షణలోనూ ఇతర ప్రమాదాల్లోనూ పోయారు. ఒక విడతకు 30 దాడులు పూర్తి చేయాలి. ఒక్కో రాత్రి 100 విమానాలు బయల్దేరితే 4 తిరిగి రాలేదనుకుందాం. చిన్న అంకెలాగే కనిపిస్తుంది. దాన్నే 30 రాత్రులు వరసగా గుణించుకుంటూ పోతే, మొదట బయల్దేరిన 100 మందిలో చివరికి మిగిలేది 29 మంది. ఏడుగురు ఎగిరే లాంకాస్టర్ బాంబర్ ఒకటి కూలితే ఏడు ఇళ్లకు తంతి వెళ్లేది. ఆ కుర్రవాళ్ల సగటు వయసు 22. పెళ్లి కానివాళ్లే ఎక్కువ. అందుకే అలా పోయినవాడు ఎవరికీ తాత కాలేదు. తాత తమ్ముడిగా, చిన్నతాతగానే మిగిలిపోయాడు. నీళ్లు వదలడానికి కొడుకు లేడు. అన్నదమ్ముల పిల్లలు గుర్తు పెట్టుకుంటేనే ఆయన ఉన్నట్టు.

ఈ కథ మనకు దూరంది కాదు. మొదటి యుద్ధంలో నిజాం ఇచ్చిన డబ్బుతో బాంబర్లు కొన్నందుకు 110వ స్క్వాడ్రన్‌కు 'హైదరాబాద్' అని పేరు పెట్టారు. 1939 సెప్టెంబర్ 4న, అంటే బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, జర్మన్ ఓడల మీద దాడికి వెళ్లినవాటిలో ఆ స్క్వాడ్రన్ ఒకటి. తోడుగా 107వది. రెండింటి నుంచి ఐదేసి విమానాలు దాడి చేస్తే ఐదు కూలాయి. హైదరాబాద్ పేరు మోసిన స్క్వాడ్రన్ విమానం వాటిలో ఒకటి.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఎనిమిది నెలలకు, డిసెంబర్ 1న, అదే విశాఖలో భారత వైమానిక దళం 7వ స్క్వాడ్రన్ పుట్టింది. దానికి ఇచ్చినవి వెంజన్స్ బాంబర్లు. దాదాపు నిట్టనిలువుగా కిందికి దూకి బాంబు వదిలే విమానం అది. లోపల ఇద్దరే. ముందు పైలట్, వెనక దారి చూస్తూ తుపాకీ పట్టుకునే మనిషి. 1944లో ఇంఫాల్ పోరాటంలో ఈ స్క్వాడ్రన్ ఆ కొండల మీద ఎగిరింది. అలాంటి అడవిలో, లేదా బంగాళాఖాతంలో విమానం పడితే సమాధి ఎక్కడ కట్టాలి?

ఇంటివాళ్లకు అన్నిటికంటే బరువైన మాట 'చనిపోయాడు' కాదు, 'కనిపించడం లేదు'. 2016 జూలై 22న చెన్నై దగ్గరి తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయల్దేరిన ఏఎన్-32లో 29 మంది ఉన్నారు. అది బాంబర్ కాదు, రవాణా విమానం. అందులో ఎనిమిది మంది విశాఖలోని నౌకాదళ ఆయుధాగారం ఉద్యోగులు. సముద్రంలో 3,400 మీటర్ల లోతున శకలాలు దొరికాయని 2024 జనవరిలో చెప్పారు. ఏడున్నరేళ్లు. ఏడేళ్లు జాడ లేని మనిషిని చట్టం చనిపోయినట్టు భావిస్తుంది కానీ, గుమ్మం వైపు చూసే తల్లి కళ్లకు ఆ లెక్క పట్టదు. 1944లో రేడియో కూడా లేని పల్లెలో ఆ ఎదురుచూపు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవడమే కష్టం.

ఇప్పుడు వెతకడం సంగతి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ దగ్గర రెండు ప్రపంచ యుద్ధాలవీ కలిపి సుమారు 17 లక్షల పేర్లున్నాయి. ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 దాకా పోయినవాళ్లు రెండో యుద్ధం లెక్కలోకి వస్తారు. దక్షిణ, తూర్పు ఆసియా మీద ఎగిరి, సమాధి దొరకని వైమానికుల పేర్లు సింగపూర్‌లో క్రాంజి స్మారకం మీద చెక్కి ఉన్నాయి. అక్కడ మొత్తం 24,000కు పైగా పేర్లు. యూరప్ వైపు పోయినవాళ్లయితే లండన్ దగ్గరి రన్నీమీడ్‌లో, 20,000కు పైగా.

మన వాళ్లు పొరపాటు పడేందుకు వీలున్నది ఇక్కడే. 'ప్రకాశం' అని కొట్టి, ఏమీ రాక వదిలేస్తారు. ఆ జిల్లా పుట్టిందే 1970 ఫిబ్రవరి 2న. ప్రకాశం అన్న పేరు 1972లో వచ్చింది. యుద్ధం నాటికి మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు జిల్లాలో ఉన్నాయి. పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలో. చిన్నతాత కాగితాలకు తెలిసినవి ఆ పాత జిల్లాలే. ఇంటిపేరు ముందో వెనకో పడి ఉంటుంది, సుబ్బారావు రెండు ముక్కలై ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాలు నాలుగైదు రకాలుగా మార్చి చూడాలి. ఇంట్లో పాత పెన్షన్ కాగితమో ఉత్తరమో ఉంటే, దాని మీది సర్వీసు నంబర్ మిగతా అన్నిటికంటే విలువైనది. పేరు మారుతుంది, నంబర్ మారదు.

దొరికితే నంబర్, హోదా, దళం, పోయిన తేదీ కనిపిస్తాయి. కొందరికి తల్లిదండ్రుల పేర్లు, ఊరు కూడా రాసి ఉంటాయి. పోయిన రోజు తెలియనివాళ్లకు మన ఇళ్లలో మహాలయ అమావాస్య నాడు తర్పణం విడుస్తారు. ఆ తేదీ చేతికందితే ఒక పాత పంచాంగం తీసి చూడండి. చిన్నతాత తిథి తెలుస్తుంది.