గుమ్మంలో అత్తగారు

మా పెద్ద తోటికోడలికి నిరుడు రొమ్ములో గడ్డ తగిలింది. నొప్పి లేదు కదా అని మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. బయాప్సీ చేస్తే క్యాన్సరన్నారు. ఆపరేషనయింది, ఇప్పుడు కాస్త తేరుకుంది. బిగుతు జాకెట్లు తొడిగినందుకేనని చుట్టాలొకరు సాధించారు. అది ఉత్త మాట. "నేనేం పాపం చేశానే?" అని అక్కయ్య ఏడిస్తే నా దగ్గర జవాబు లేదు. నా చదువు ఇంటర్ బైపీసీతోనే ఆగింది. అయినా పట్టుబట్టి మా అమ్మాయి చేత చదివించుకుని తెలుసుకున్నాను.

మన ఒంట్లో ప్రతి కణానికీ ఓ వంటల పుస్తకం ఉందనుకోండి. అది డి.ఎన్.ఎ. బీరువాలోంచి బయటికి రాదు. కావలసింది చీటీ మీద రాసి వంటింట్లోకి పంపుతుంది. ఆ చీటీ చూసి కణం ప్రొటీన్ తయారుచేస్తుంది. మరి మైక్రో ఆర్.ఎన్.ఎ. ఎవరంటారా? గుమ్మంలో కూర్చున్న అత్తగారు! "ఇది ఇవాళ వద్దులే" అని చీటీ ఆపుతుంది, ఒక్కోసారి చింపేస్తుంది. మనిషి మాత్రం దాదాపు 22 అక్షరాల పొడవే. (మా అత్తగారూ పొట్టే లెండి.)

దీన్ని 1993లో అమెరికాలో ఒక మిల్లీమీటరు పురుగులో కనుక్కున్నారు. విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ వచ్చింది. ఆంబ్రోస్ గారి పత్రంలో మొదటి పేరు ఆయన భార్య రోసలిండ్ లీది. బహుమతిలో ఆవిడ పేరు లేదు. నాకైతే మనసు చివుక్కుమంది.

రొమ్ము క్యాన్సర్ గడ్డల్లో ఈ అత్తగార్ల లెక్క తప్పుతుందని 2005లో తేలింది. మిర్-21 అనేది మరీ ఎక్కువవుతుంది. అది పీటెన్ అనే ప్రొటీన్ చీటీని ఆపేస్తుంది. పీటెన్ పనేమిటంటే "పొయ్యి తగ్గించు" అని చెప్పడం. ఆ మాట చెప్పేవాళ్లు లేకపోతే పాలు పొంగినట్టు కణాలు పెరిగిపోతాయి. లెట్-7 అనేది మంచిది, పెరగమనే చీటీలనే ఆపుతుంది. గడ్డను మొలిపించే కణాల్లో అదే తగ్గిపోతుంది! దాన్ని తిరిగి అందిస్తే ఎలుకల్లో గడ్డ కట్టడం తగ్గిందని 2007లో చూశారు.

"అయితే ఈ రక్తపరీక్ష చేయించుకుంటే సరిపోతుందా?" అని పక్కింటావిడ అడిగింది. సరిపోదండీ. ఇవింకా పరిశోధనల్లోనే ఉన్నాయి. చేతికి గడ్డ తగిలితే డాక్టరు చూడాలి, మామోగ్రామో స్కానో తీయాలి, అనుమానముంటే బయాప్సీ చెయ్యాలి.

ఇదంతా అక్కయ్యకు చెప్పాను. "అయితే తప్పు నాది కాదు, ఆ అత్తగారిదన్నమాట" అని ఎన్నాళ్లకో నవ్వింది. ఆ సాయంత్రమే వాళ్ల చెల్లెలికి ఫోన్ చేసింది. ఆవిడకీ చంకలో ఏదో తగులుతోందట. సోమవారం ముగ్గురం ఆస్పత్రికి వెళ్తున్నాం.