చెట్టు పెరుగుదల లెక్క ఎందుకు మారుతూ ఉంటుంది?

హోసూరు వైపు ఒక తెలుగు మాధ్యమ పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశానికి మేము వెళ్లిన రోజు, మీటింగు అయిపోయి టీలు తాగుతుండగా ఒక రైతు తండ్రి తొమ్మిదో తరగతి సైన్సు మాస్టారిని అడిగాడు. "సార్, మా పిల్లోడు ఏదో చదివాడంట. అమెరికాలో అడవి యాభై ఏండ్లకి ఎంత పెరుగుతాదో కంప్యూటరు చెబుతాదంట. అది ప్రతి ఏడూ మారుస్తారంట. లెక్క సరైందైతే మార్చడమెందుకు? తప్పయితే నమ్మడమెందుకు?" ఆయనకు పొలం గట్టున రెండు వరసల నీలగిరి ఉంది. కోస్తావాళ్లు జామాయిలు అంటారు, అదే. కాబట్టి అది ఊరికే అడిగిన ప్రశ్న కాదు.

మాస్టారు మా వైపు చూశారు, మేము మాస్టారి వైపు చూశాము. ఆ రోజు చెప్పలేని జవాబును ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాము.

ఆ పిల్లవాడు చదివింది బహుశా అమెరికా అటవీ శాఖవారి 'ఫారెస్ట్ వెజిటేషన్ సిమ్యులేటర్' గురించే అయ్యుండాలి. అడవుల పెరుగుదలను అంచనా వేసే సాఫ్ట్‌వేర్లలో దానిది పాత పేరు, పెద్ద పేరు. పుట్టింది 1973లో, ఐడహో రాష్ట్రంలో. ఆల్బర్ట్ స్టేజ్ అనే అటవీ శాస్త్రజ్ఞుడు 'ప్రోగ్నోసిస్' పేరుతో దాన్ని రాశాడు. వైద్యులు రోగి పరిస్థితి ముందుముందు ఎలా ఉంటుందో చెప్పడానికి వాడే మాటే అది. అక్కడి కొండ అడవుల్లో చెట్లు నరకాలా, పలచబరచాలా, అలాగే వదిలేయాలా అని నిర్ణయించే అధికారికి, ఏది చేస్తే ఇరవై ఏళ్లకు ఏమవుతుందో ముందే లెక్క వేసి చూపడం దాని పని. తరవాత దేశమంతటికీ దాన్నే మూలంగా తీసుకుని ప్రాంతానికొక రూపం తయారుచేశారు. ఇప్పుడు ఇరవైకి పైగా ప్రాంతీయ రూపాలున్నాయి. కొలరాడో రాష్ట్రం ఫోర్ట్ కాలిన్స్‌లోని అటవీ శాఖ కేంద్రం వాటి బాగోగులు చూసుకుంటుంది.

ప్రాంతానికొకటి ఎందుకు? డగ్లస్ ఫర్ చెట్టు పసిఫిక్ తీరపు వానల్లో ఒకలా పెరుగుతుంది, లోపలి ఎండు కొండల మీద ఇంకోలా పెరుగుతుంది. జాతి ఒక్కటే, పెరుగుదల వేరు. మన దగ్గర ఒకే వేప కోలారు ఎర్రమట్టిలో ఒక తీరుగా, యానాం గోదావరి ఒండ్రులో మరో తీరుగా ఎదగడం చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇక లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం. ఇది గణితం మాస్టార్లకు నచ్చే సంగతి.

సాఫ్ట్‌వేరుకు ముందుగా కొలతలు ఇవ్వాలి. అడవిలో ఎంచుకున్న చిన్న చిన్న చోట్లలో చెట్ల జాతి, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున, అంటే 1.37 మీటర్ల దగ్గర మాను వ్యాసం, వీలైతే ఎత్తు. ఆ ఎత్తును 'ఛాతీ ఎత్తు' అంటారు. మన అటవీ శాఖలవారూ అక్కడే కొలుస్తారు. కొలిచిన ఒక్కో చెట్టు, ఎకరాకు తనలాంటివి ఇన్ని ఉన్నాయని ప్రతినిధిగా నిలబడుతుంది. ఏ చెట్టు ఏ చెట్టుకు ఎన్ని అడుగుల దూరంలో ఉందో సాఫ్ట్‌వేరు పట్టించుకోదు. చుట్టూ మొత్తం ఎంత ఇరుకుగా ఉంది, తనకన్నా లావైనవి ఎన్ని ఉన్నాయి అన్నది మాత్రం చూస్తుంది.

అక్కడి నుంచి అయిదేళ్లో, పదేళ్లో ఒక అడుగుగా ముందుకు నడుస్తుంది. అడుగు ఎంత అన్నది ప్రాంతీయ రూపాన్ని బట్టి. ప్రతి అడుగులో ప్రతి చెట్టూ ఎంత లావెక్కిందో, ఎంత ఎత్తు పెరిగిందో, ఎన్ని చచ్చిపోయాయో లెక్కకడుతుంది.

లావు లెక్కలో ఒక సొగసు ఉంది. సాఫ్ట్‌వేరు నేరుగా వ్యాసం ఎంత పెరిగిందని అడగదు. బెరడు తీసేసిన వ్యాసపు వర్గం ఎంత పెరిగిందని అడుగుతుంది. ఎందుకో పిల్లలతోనే చేయించవచ్చు. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చెట్టు 31కి వచ్చిందనుకోండి. 961 లోంచి 900 తీసేస్తే 61. 60 సెంటీమీటర్ల చెట్టు 61కి వచ్చింది. 3721 లోంచి 3600 తీసేస్తే 121. రెండూ ఒక్క సెంటీమీటరే పెరిగాయి. కానీ పెద్ద చెట్టు మానులో చేరిన కొత్త కర్ర దాదాపు రెండింతలు. పైకి చూస్తే ముసలి చెట్టు పెరగడం మానేసినట్టు అనిపిస్తుంది. అది చేస్తున్న పని తగ్గకపోవచ్చు, అదే కర్ర పెద్ద చుట్టు మీద పలచగా పరుచుకుంటోంది, అంతే. వర్గాల భేదం పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు తట్టలేదు.

చావు లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1933లో రీనెకే అనే ఆయన, ఒక నేల ఎంత లావు చెట్లను ఎన్నింటిని మోయగలదో చెప్పే సాంద్రత సూచిక ఒకటి తయారుచేశాడు. ఈ సాఫ్ట్‌వేరు దాన్ని వాడుతుంది. అడవి ఆ గరిష్ఠ సాంద్రతలో 55 శాతం దాటిందంటే, పోటీకి ఓర్వలేక చెట్లు చావడం మొదలవుతుందని మామూలుగా అనుకుంటుంది. 85 శాతం దగ్గర ఇక పైకి పోనివ్వదు. వాడేవారికి తమ నేల సంగతి బాగా తెలిస్తే ఈ అంకెలు మార్చుకోవచ్చు.

రైతు అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. ఆ 55, ఆ 85, ఆ వర్గపు సమీకరణం ఎవరో కలగని చెప్పినవి కావు. కొన్ని వేల చెట్లను ఏళ్ల తరబడి కొలిచి రాబట్టినవి. మళ్లీ కొలిస్తే మళ్లీ మారతాయి. అమెరికాలో దేశమంతటా సుమారు ఆరు వేల ఎకరాలకు ఒకటి చొప్పున శాశ్వత కొలత చోట్లు పెట్టుకున్నారు. తూర్పున అయిదు నుంచి ఏడేళ్లకు, పశ్చిమాన పదేళ్లకు ఒకసారి వెళ్లి అవే చెట్లను మళ్లీ కొలుస్తారు. సాఫ్ట్‌వేరు పదేళ్ల కిందట చెప్పిందొకటి, చెట్టు పెరిగింది మరొకటి అయితే, దిద్దుకోవలసింది సాఫ్ట్‌వేరే గదా.

దిద్దుబాట్లు రకరకాలు. కొన్ని చిన్నవి: ప్రోగ్రాములో ఎక్కడో జరిగిన పొరపాటు సరిచేయడం. కొన్ని పెద్దవి. ఐడహో ప్రాంతపు పాత రూపంలో 11 జాతులకే చోటుండేది. మిగతా చెట్లన్నీ ఏదో ఒక పోలికతో వాటిలోనో, 'ఇతరములు' అన్న గంపలోనో పడేవి. తరవాత వచ్చిన రూపంలో 23 జాతులు చేరాయి. హాజరు పట్టీలో 'ఇతరులు' అని పడి ఉండే పిల్లలకు పేరు వచ్చినట్టు!

ముఖం మారడం మరో రకం. 1997లో 'సపోజ్' అనే పేరుతో ఒక తెర తయారుచేశారు. 'అనుకుందాం' అని అర్థం, పేరు మాకు నచ్చింది. అది చాలాకాలం నడిచి విరమించింది. దాని స్థానంలో ఆర్ భాషలో రాసిన కొత్త తెర వచ్చింది. కొలతలు ఇచ్చే పద్ధతి డేటాబేస్‌కు మారింది. లోపల ఉన్న లెక్క మాత్రం ఇప్పటికీ ఫోర్ట్రాన్ భాషలోనే ఉంది. మూల ప్రోగ్రాము అందరూ చూడవచ్చు, ఉచితంగా దించుకోవచ్చు. నిప్పు అంటుకుంటే ఏమవుతుందో చెప్పే అనుబంధం, బదనికలు, వేరుకుళ్లు వంటివాటికి అనుబంధాలు, వాతావరణం వేడెక్కితే ఏ జాతి ఎక్కడ నిలవగలదో చూసే అనుబంధం, ఇలా పాత ఇంటికి గదులు కట్టుకుంటూ పోయారు.

అన్నిటికన్నా చిక్కు తెచ్చేది కొలిచే కొలమానమే మారడం. 2023లో అమెరికా అటవీ గణనవారు చెట్టు ఘనపరిమాణాన్ని, బరువును లెక్కించే పద్ధతిని దేశమంతటికీ ఒక్కటి చేశారు. అంతకుముందు ప్రాంతానికో సూత్రం. అంటే ఒకే జాతి, ఒకే లావు, ఒకే ఎత్తు ఉన్న చెట్టుకు గీత ఇటువైపు ఒక బరువు, అటువైపు ఒక బరువు. రాష్ట్ర సరిహద్దుల్లో బతికే మన పాఠకులకు ఈ గీతల మహిమ బాగా తెలుసు. అలాగే ఎండు కర్రలో సగం కర్బనమని అన్ని చెట్లకూ ఒకే మాట చెప్పేవారు. కొత్త పద్ధతిలో జాతికొక పాలు. దీంతో అడవిలో ఒక్క ఆకు కదలకుండానే కాగితం మీద బరువులూ కర్బనమూ మారిపోయాయి. ఆ గణన కొలతలతో నడిచే ఏ సాఫ్ట్‌వేరైనా, పాత సూత్రమా కొత్త సూత్రమా అన్నది తేల్చుకోక తప్పదు.

అందుకే అనుభవమున్న అటవీ అధికారి, ఫలితం పక్కన ఏ సంవత్సరపు విడుదలతో లెక్కించాడో రాసిపెట్టుకుంటాడు. పోయినేటి అంచనాను, ఈ ఏటి అంచనాను పక్కపక్కన పెట్టి అడవి పెరిగింది, తరిగింది అనేస్తే, మారింది అడవా లెక్కా తెలియదు. రెండూ పోల్చాలంటే పాత కొలతలను కూడా కొత్త విడుదలలో మళ్లీ నడపాలి. పని రెట్టింపు. కానీ ఆ అంకెను చూసే ఎన్ని చెట్లు కొట్టాలో నిర్ణయిస్తారు. కొట్టిన చెట్టును సాఫ్ట్‌వేరు మళ్లీ నిలబెట్టదు.

దీని లోపాలూ చెప్పాలి. కొత్త మొక్కలు ఎన్ని మొలుస్తాయో పూర్తిగా తనే అంచనా వేసుకునే శక్తి కొద్ది ప్రాంతీయ రూపాలకే ఉంది. మిగతా చోట్ల వాడేవారే మొక్కల సంఖ్య ఇవ్వాలి. ఇవ్వడం మరిచిపోతే వందేళ్ల తరవాత తెర మీద ముసలి చెట్లు మాత్రమే మిగిలిన అడవి కనిపిస్తుంది. తప్పు అడవిది కాదు, అడిగినవారిది.

మరో వైపు మంచి గుణం ఒకటి. చెట్టుకు సన్నని బోలు బరమా దించి, పెన్సిలు లాంటి కర్రముక్క బయటికి తీసి, గత కొన్నేళ్ల వలయాలు కొలిచి ఇస్తే, సాఫ్ట్‌వేరు ముందు తన సమీకరణంతో ఆ గతాన్నే అంచనా వేసి చూసుకుంటుంది. తేడా వస్తే, ఈ చోట చెట్లు నేననుకున్నదానికన్నా జోరుగా పెరుగుతున్నాయి కాబోలు అని తన గుణకాన్ని తనే సర్దుకుంటుంది. 1973 నాటి స్టేజ్ రచనలోనే ఈ ఏర్పాటు ఉంది.

మరి మన చెట్ల మాట? ఆ సాఫ్ట్‌వేరు దించుకుని వేప, చింత అని వెతికితే దొరకవు. అది అక్కడి చెట్లది. మన దేశంలో పాత కాలం నుంచీ దిగుబడి పట్టికలు ఉన్నాయి. నాటిన టేకుకు ఏ వయసులో, ఏ రకం నేలలో ఎంత కర్ర వస్తుందో చెప్పే పట్టిక 1940 నాటిది. డెహ్రాడూన్‌లో 1981లో ఏర్పడిన భారత అటవీ సర్వేక్షణ సంస్థ, మన జాతులకు ఘనపరిమాణ సమీకరణాలను 1996లో పుస్తకంగా వేసింది. కానీ పట్టిక ఒకే వయసు, ఒకే జాతి తోటకు పనికొస్తుంది. పది రకాలు కలిసి పెరిగే తూర్పు కనుమల అడవికి పట్టిక చాలదు. చెట్టు చెట్టుకూ లెక్క కావాలి, అందుకు అవే చెట్లను మళ్లీ మళ్లీ కొలిచిన పుస్తకాలు కావాలి.

కొలవడం తేలికనుకుని మేమూ ఒకసారి భంగపడ్డాము. మా పాత అద్దె ఇంటి ముందు వేపచెట్టు చుట్టుకొలత ఒక ఉగాదినాడు 142 సెంటీమీటర్లు. మరుసటి ఉగాదికి 139. చెట్టు చిక్కిపోయిందా? చీడ పట్టిందేమోనని మాను చుట్టూ తిరిగి చూశాము. చివరికి తేలిందేమంటే, మధ్యలో ఎవరో మొదట్లో మట్టి పోసి దిమ్మె కట్టారు. నేల ఎత్తు పెరిగింది, దాంతో టేపు జానెడు పైకి జరిగింది, అక్కడ మాను సన్నం. ఆ ఏడాదే సున్నంతో గీత గీసి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు.

ఆ సైన్సు మాస్టారు ఇప్పుడు బడి ఆవరణలోని తొమ్మిది చెట్లకు 1.37 మీటర్ల దగ్గర తెల్ల పెయింటు గీత వేయించారు. ఏటవాలు నేల మీద ఉన్నవాటికి మెరక వైపు నుంచి ఎత్తు తీసుకున్నారు. ఏటా ఒకే తేదీన ఇద్దరేసి పిల్లలు టేపు బిగువుగా పట్టి కొలుస్తారు, చుట్టుకొలతను 3.14తో భాగించి వ్యాసం రాస్తారు. ఆ పక్కనే వచ్చే ఏడాదికి తమ అంచనా రాసి సంతకం పెడతారు. మరుసటి ఏడు వచ్చే తొమ్మిదో తరగతి పాత అంచనాను ఎర్రసిరాతో దిద్ది, ఎందుకు తప్పిందో ఒక వాక్యం రాయాలి. వాన తక్కువ, కొమ్మలు నరికారు, టేపు వదులు, ఏదైనా సరే. పాత అంకె కొట్టేయకూడదు, కనపడుతూ ఉండాలి.

నీలగిరి రైతు కొడుకు ఇప్పుడు పదో తరగతికి వచ్చాడు. గట్టు మీది చెట్లలో ఇరవైకి గీతలు గీసి వాళ్ల నాన్నతో కలిసి కొలుస్తున్నాడట. కొనేవాడు టన్నుకు రేటు చెబుతాడు గానీ ఎన్ని టన్నులో తనే కళ్లతో చూసి అంటాడు. ఈసారి ఆ మాట అనకముందే మా దగ్గరా ఒక అంకె ఉంటుంది అన్నాడా తండ్రి ఫోన్లో.